బొట్టు పెట్టిన జపాను మొహం

చూలై, మదరాసు
12-6-1957

అక్కా,

నీ కార్డు అందింది. నేను బాగానే ఉన్నాను. అంటే వాంతులు తగ్గాయి, కోపం తగ్గలేదు. ఈ ఉత్తరం కోపంతోనే రాస్తున్నాను, అక్షరాలు వంకరగా ఉంటే సర్దుకుని చదువుకో.

ముందు అసలు సంగతి. నవంబరులో నా పురుడు. అమ్మ నన్ను కంటూనే పోయింది. నన్ను పెంచింది నువ్వు. పురిటికి పుట్టింటికి పోవాలంటారు, నువ్వు తప్ప నాకు పుట్టిల్లేది? సెప్టెంబరులో గాజులు తొడిగే వేడుకకి వచ్చి, పురుడయ్యేదాకా నువ్వు నా దగ్గరే ఉండాలి. మీ వరదయ్య బావగారిని అడిగావా లేదా? మా అత్తగారు మునెమ్మ మంచిదే, కాదనను. కానీ ఆమె పురిటి కబుర్లు మొదలుపెడితే చివరికి అందులో ఎవరో ఒకరు చచ్చిపోతారు. నాకు భయంగా ఉంది అక్కా. నువ్వు పక్కన లేకపోతే నేను కనను, అంతే.

ఇక కోపం సంగతి. మా మామగారికి గోవిందప్ప నాయకుని వీధిలో గుండీలు, సూదులు, సెల్యులాయిడ్ బొమ్మల టోకు వ్యాపారం ఉంది కదా. సగం సరుకు జపాను నుంచి వస్తుంది. ఆ భాష వస్తే దళారీల అవసరం ఉండదని మామగారు ఈయన్ని ఎగ్మూరులో ఒక జపాను క్లాసులో చేర్చారు. బుధవారం, శనివారం సాయంత్రాలు. పాఠం చెప్పేది ఒక జపాను ఆవిడ, పేరు మిత్సుయో. భర్త తిరువొత్తియూరులో ఒక ఫ్యాక్టరీకి యంత్రాలు బిగించడానికి వచ్చిన ఇంజనీరట.

మొదట్లో ఈయన ఏవో నోరు తిరగని మాటలు వల్లించేవారు. ఊరుకున్నాను. ఇప్పుడు చేతుల నిండా మైదా గంజి పూసుకుని ఇంటికి వస్తున్నారు. అడిగితే, క్లాసులో ఆడదాని మొహం చేస్తున్నారట!

"ఎవురి మొహం?" అన్నాను.

"ఎవురిదీ కాదు. వయసులో ఉండే పిల్లది. వాళ్ళ దేశంలో నాటకాలకి పెట్టుకునే మొహం."

"చదువుకునేదానికి పోయి పిల్ల మొహం చేసేదేంది?"

"టీచరమ్మ చెయ్యమనింది."

టీచరమ్మ చెయ్యమంటే చేస్తారు. నేను కరివేపాకు తెమ్మంటే మాత్రం మూడు వీధులు తిరిగి వట్టి చేతులతో వస్తారు. నిన్న రాత్రి అన్నం తింటూ గోడ వంక చూసి తనలో తనే నవ్వుకున్నారు. నాకు ఒళ్ళు మండిపోయింది. రెండేళ్ళ కాపురంలో నన్ను చూసి అలా నవ్విన గుర్తు లేదు.

వెంటనే జవాబు రాయి.

నీ పుష్ప

* * *

అరక్కోణం
17-6-1957

చిరంజీవి సౌభాగ్యవతి పుష్పవల్లిని అక్క అలివేలుమంగ దీవించి రాసేది.

నీ ఉత్తరం పొయ్యి దగ్గర కూర్చుని చదివాను. పప్పు మాడింది. దానికి అందరి చేతా మాటలు పడి ఇప్పుడు తీరిగ్గా రాస్తున్నాను.

నువ్వు రాసింది నువ్వే సరిగ్గా చదువుకోలేదనిపిస్తోంది. సాయంత్రం పూట పోవడం, నాటకం, ఆడపిల్ల మొహం. ఇంతకన్నా ఏం కావాలి? జపాను భాష అనేది పైకి చెప్పే మాట. మరిది గోపాలస్వామి ఏదో నాటకాల కంపెనీలో ఆడవేషానికి కుదిరాడు. సన్నగా, నున్నగా ఉంటాడు, వేషం బాగానే నప్పుతుంది కూడా. నువ్వేమో పాపం ఆ టీచరమ్మ మీద కుళ్ళుకుంటున్నావు. నాటకాలంటే ఏమిటో, వాటి వెంబడి ఏమేమి వస్తాయో నీకు తెలియదు. ఇలాంటివి మగవాళ్ళే చక్కబెట్టాలి కాబట్టి మా బావగారి చెవిన వేశాను.

నా రాక గురించి ఇంకా అడగలేదు. ఈ ఇంట్లో తినేవాళ్ళు చాలామంది, వండేది నేనొక్కదాన్నే. వంట మనిషిని మూడు నెలలు పంపమని అడగాలంటే వాళ్ళ కడుపు నిండిన పూట చూసి అడగాలి. నేను మరిచిపోలేదు. నువ్వు భయపడకు. రాత్రి పూట వాకిట్లో కూర్చోకు, నిమ్మకాయ ఊరగాయ ఎక్కువ తినకు.

ఆశీస్సులతో,
అక్క

* * *

చూలై
30-6-1957

అక్కా, ఎంత పని చేశావే!

మీ బావగారు మా మామగారికి కార్డు రాశారు. "మీ కుమారుడు నాటకములలో స్త్రీ పాత్రలు ధరించుచున్నట్లు విని మిక్కిలి విచారించుచున్నాము" అని. కార్డు కదా, దుకాణంలో గుమాస్తాలందరూ చదివాకే అది మామగారి చేతికి వెళ్ళింది. మామగారు ఇంటికి వచ్చి, చెప్పులైనా విప్పకుండా అరిచారు.

"ఏమిరా, ఆడవేసం గడతాండావంట?"

ఈయన మొహం కందగడ్డ అయింది. క్లాసు సంగతి మొదటి నుంచి చెప్పుకొచ్చారు. మామగారు విని, "సరి, అట్లయితే నీ పెండ్లాన్ని తోడుకోని పో. ఆమె కండ్లతో చూస్తే అరక్కోణం నోరు మూతబడతాది," అన్నారు. అలా నిన్న రిక్షా ఎక్కి నేనూ ఎగ్మూరు వెళ్ళాను.

మేడ మీద పొడుగు గది. పొడుగు బల్ల చుట్టూ మగవాళ్ళు కూర్చుని పాత పేపర్లు చింపుతున్నారు. మట్టి అచ్చు మీద కాగితం ముక్కలు గంజితో పొరలు పొరలుగా అంటించడం, ఆరాక సుద్ద, బంక కలిపి తెల్లగా పూయడం. వాళ్ళ దేశంలో అయితే చెక్కతో చెక్కుతారట. గుమాస్తాల చేతికి ఉలి ఇస్తే వేళ్ళు తెగుతాయని ఇక్కడ కాగితం. పని చేసినంతసేపూ జపానులోనే మాట్లాడాలి. ఎవరి నోట తమిళమో తెలుగో వస్తే వాళ్ళు పోయి గంజి కలపాలి. ఈయన నాతో "ఈడ కూచో" అన్నారు. అంతే, టీచరమ్మ గంజి దగ్గరికి పంపేసింది.

ఆమె ముసలిదై ఉంటే ఎంత బాగుండేది! నా వయసే ఉంటుంది. భుజాల దాకా జుట్టు, నవ్వితే కళ్ళు కనబడవు. నా కడుపు చూసి పరుగెత్తుకుంటూ పోయి మెత్త ఉన్న కుర్చీ తెచ్చింది, విసనకర్ర చేతిలో పెట్టింది. అంత మంచిది కావడం నాకేమీ నచ్చలేదు.

ఈయన చేసే మొహం చూశాను. సున్నం కొట్టినట్టు తెలుపు. కనుబొమలు గొరిగేసి, నుదుటి మీద ఎక్కడో పైన రెండు మసి మరకలు. పళ్ళు నలుపు. పెళ్ళిచూపులకి వచ్చినవాళ్ళు కాఫీ తాగకుండా లేచిపోతారు. కానీ ఈయన దాన్ని రెండు చేతులతో ఎలా ఎత్తుకున్నారో తెలుసా? పసిబిడ్డను ఎత్తుకున్నట్టు. తర్వాత మొహానికి పెట్టుకుని నిలబడి, గడగడా జపానులో మాట్లాడారు! మన మొహం కనబడకపోతే సిగ్గు పోయి నోరు తెరుచుకుంటుందట, అందుకే ఈ మొహాలు చేయిస్తుందట. నిజమేనేమో. ఇంట్లో నాతో ఇన్నాళ్ళూ మాట్లాడిన మాటలన్నీ కలిపినా అన్ని ఉండవు. అందరూ చప్పట్లు కొట్టారు. ఆమె అందరికన్నా ఎక్కువసేపు కొట్టింది.

పక్కన నాగప్పన్ అని హార్బరులో గుమాస్తా, ఆయన ఇంకొక మొహం చేస్తున్నాడు. రెండు కొమ్ములు, నోట్లో కోరలు. ఇదేమిటని అడిగాను. అసూయతో లోపల లోపల కాలిపోయిన ఆడదానికి వాళ్ళ దేశంలో అలా కొమ్ములు మొలుస్తాయట. ఆ సంగతి తమిళంలో చెప్పి, నా వంక చూడకుండా తనంతట తానే గంజి దగ్గరికి పోయాడు. దాన్ని చేతిలోకి తీసుకున్నాను. పైకెత్తితే మీద పడి కరిచేటట్టుంది. కొంచెం కిందికి వంచితే ఏడుస్తున్నట్టుంది. గబుక్కున బల్ల మీద పెట్టేశాను.

కాబట్టి నాటకం లేదు, వేషం లేదు. కానీ నా కుళ్ళు మాత్రం రెట్టింపైంది. నువ్వొస్తేనే తగ్గుతుంది. బావగారిని అడుగు, అడుగు, అడుగు.

నీ కొమ్ములు మొలిచిన చెల్లెలు,
పుష్ప

* * *

అరక్కోణం
19-7-1957

చిరంజీవి సౌభాగ్యవతి పుష్పకు,

కార్డు సంగతి చదివి సిగ్గుతో చచ్చిపోయాను. బావగారు రాస్తారని అనుకోలేదు. మరిదికి నా తరఫున చెప్పు, వదిన తప్పు చేసింది, వచ్చినప్పుడు సున్నుండలు తెచ్చి కడుక్కుంటుందని.

వచ్చినప్పుడు అన్నాను, చూశావా? నిన్న బావగారు చేపల పులుసు రెండోసారి అడిగి వేయించుకున్నారు. అదే అదనుగా అడిగాను. "పో, నీ చెల్లెలి పురుడు కదా, నువ్వు గాక ఎవరు పోతారు," అన్నారు. తోడికోడలు మాత్రం గరిట గట్టిగా పెట్టింది. పెట్టుకోనీ.

ఈ మూడేళ్ళలో, ఆయన పోయాక, నేను ఈ ఊరి పొలిమేర దాటింది లేదు. రాత్రి పెట్టె కిందికి దించి దుమ్ము దులిపాను. బిడ్డకి పాత మెత్తటి చీరల గుడ్డలు చింపి ఉతికి పెడుతున్నాను. ఒక్క మాట చెప్పనా? నీ ఉత్తరాలు చదివితే నాకు నవ్వుతో పాటు కుళ్ళు కూడా వస్తుంది. నువ్వు అలిగితే బతిమాలే మనిషున్నాడు. అందుకే ఇన్ని అలకలు. సరే, వచ్చి మాట్లాడుకుందాం.

ఆశీస్సులతో,
అక్క

* * *

చూలై
19-7-1957, శుక్రవారం

అక్కా,

నీ జవాబు ఇంకా రాలేదు. నాకు ఆగడం చేతకాదు, రాసేస్తున్నాను. ఈరోజు ఒక ఘనకార్యం చేశాను.

క్లాసు గది వానకి కురుస్తోందని ఎవరి మొహాలు వాళ్ళు ఇళ్ళకి తీసుకుపొమ్మందట. ఈయన దాన్ని తెచ్చి ముందు గదిలో, దీపం గూటికి ఎదురుగా, మేకుకి తగిలించారు. రేపు శనివారం పెద్దమనుషుల్ని పిలిచి అన్ని మొహాలూ చూపించి, మంచిదానికి బహుమతి ఇస్తారట. రెండు రోజులుగా అది నన్ను చూస్తోంది, నేను దాన్ని చూస్తున్నాను. ఈయన పొద్దున లేచి ముందు దాని దగ్గరికి పోయి ఆరిందా లేదా అని బుగ్గ మీద వేలు పెట్టి చూస్తారు. నా బుగ్గ సంగతి అడగకు.

ఈ సాయంత్రం దీపం పెట్టబోతుంటే అత్తగారు అన్నారు, "ఏందమ్మా ఇది, బొట్టు లేని మొగాన్ని గోడకి తగిలించుకోని దీపం పెట్టేది? అదీ కడుపుతో ఉండేదానివి."

నాకు కావలసింది అదే. మైనం రాసి, కుంకుమ అద్ది, ఆ తెల్లటి నుదుటి మీద నా బొట్టంత బొట్టు పెట్టాను. సుద్ద పూత కదా, పీల్చేసుకుంది. తుడిస్తే ఇంకా పాకింది. నిజం చెప్పాలంటే శుభం కోసం కాదు, ఆ మొహం పాడైతే చాలనిపించింది. ఆ టీచరమ్మ మెచ్చుకోకూడదనిపించింది. కానీ అత్తగారి మాట కూడా కొట్టిపారేసేది కాదు. కడుపుతో ఉన్నదాన్ని, పొద్దున కళ్ళు తెరవగానే బొట్టు లేని ఆడమొహం ఎదురైతే బిడ్డకి ఏమవుతుందోనని లోపల గుబులుగానే ఉండింది. అలాంటి మొహం ఇంట్లో ఒక్క పూట కూడా వద్దు.

ఈయన ఇంకా దుకాణం నుంచి రాలేదు. వచ్చాక ఏమవుతుందో. నువ్వు ఎప్పుడొస్తావో మాత్రం వెంటనే రాయి.

నీ పుష్ప

* * *

అరక్కోణం
24-7-1957

పుష్పవల్లికి,

నేను రావడం లేదు.

నేను వస్తానని రాసిన ఉత్తరం నీకు అందే ఉంటుంది. నువ్వు రాసింది నాకు అందింది. రెండూ ఒకే రోజున రాసుకున్నాం. నేను పెట్టె దులిపి వస్తానని రాసిన రోజునే నువ్వు బొట్టు లేని మొహం ఇంట్లో ఒక్క పూట కూడా వద్దని రాశావు. కాగితంతో చేసిన మొహాన్నే రెండు రోజులు భరించలేనిదానివి, నన్ను మూడు నెలలు ఎలా పెట్టుకుంటావు? పొద్దున నీకు కాఫీ ఇచ్చేది నేనే కదా. కళ్ళు తెరిస్తే నా మొహమే కదా.

నువ్వు కావాలని రాయలేదని నాకు తెలుసు. అదే నాకు ఎక్కువ బాధ. నేను అలాంటిదాన్నని నీకు గుర్తే రాలేదు.

టీచరమ్మ మీద, కాగితం మీద, గంజి మీద ఉత్తరాల కొద్దీ అసూయ రాశావు. అసూయ పడడానికి నీకొక మొగుడున్నాడు. నాకు అదీ లేదు. కాబట్టి నేను ఎవరి మీద పడ్డానో చెప్పనా? ఆ జపాను మొహం మీద. నీ ఉత్తరం మడిచి పెట్టాక చాలాసేపు దాని మీదే కుళ్ళుకున్నాను. దానికైనా నువ్వు బొట్టు పెట్టావు. ఆయన పోయిన పదో రోజున నా బొట్టు చెరిపినప్పుడు నువ్వు గుమ్మం పక్కన నిలబడి ఏడ్చావు గానీ, లోపలికి రాలేదు. రానివ్వరు, నాకు తెలుసు. అయినా ఆ రోజు నుంచి అది నా లోపల ఉంది.

బిడ్డ గుడ్డలు పార్సిలు చేసి పంపుతాను.

అలివేలుమంగ

* * *

చూలై
30-7-1957

గంగాభాగీరథీ సమానురాలైన అక్క అలివేలుమంగమ్మగారి పాదపద్మములకు పుష్పవల్లి అనేక నమస్కారములు చేసి వ్రాయునది.

ఈ వాక్యం మామగారు చెప్పగా రాశాను. పెద్దవాళ్ళని నొప్పించినప్పుడు పద్ధతిగా మొదలుపెట్టాలన్నారు. ఇక్కడి నుంచి నా మాటలు.

అక్కా, నా చెయ్యి విరిగిపోను. నీ మొహం వేరు, ఆ మొహం వేరు. నువ్వంటే నాకు బొట్టూ గుర్తురాదు, బొట్టు లేకపోవడమూ గుర్తురాదు. నువ్వు అక్కవి, అంతే. నీ ఉత్తరం చదివి అన్నం ముట్టలేదు. అత్తగారు బిడ్డ కోసమని తిట్టి తినిపించారు.

ఇక్కడ కూడా నాకు శాస్తి జరిగింది. ఆ శనివారం ఈయన మొహాన్ని అలాగే తీసుకుపోయారు. పెద్దమనుషుల ముందు ఆ టీచరమ్మ ఎర్రటి మరక చూసి ఇదేమిటని అడిగిందట. మొగుడున్న ఆడవాళ్ళు పెట్టుకునేదని చెప్పారట. "అయితే ఈ పిల్లకి పెళ్ళి ఎప్పుడైంది, మొగుడెవరు?" అని అడిగిందట. ఈయన జపానులో మాటలు వెతుక్కుంటూ నిలబడిపోతే అందరూ నవ్వారట. బహుమతి నాగప్పన్ కొమ్ముల మొహానికి వచ్చింది. అప్పటి నుంచి ఈయన నాతో మాట్లాడడం లేదు. ఉప్పు కావాలన్నా అత్తగారి చేత అడిగిస్తున్నారు.

నువ్వు మాత్రం రావాలి. అత్తగారితో అంతా మాట్లాడి ఒప్పించాను. ఆమెకి నువ్వు రావడం ఇష్టమే. గాజుల రోజు మాత్రం ముందు గదిలో పేరంటాళ్ళు ఉంటారు కాబట్టి నువ్వు వెనక గదిలో ఉంటే చాలన్నారు. అక్కడ కిటికీ ఉంది, అంతా కనబడుతుంది. ఆ ఒక్క పూటే. మిగతా రోజుల్లో నీ ఇష్టం వచ్చినట్టు తిరగవచ్చు.

నీ పుష్ప

* * *

అరక్కోణం
7-8-1957

పుష్పవల్లికి గంగాభాగీరథీ సమానురాలు రాసేది.

ఈ పేరు ఎవరికి రాస్తారో నీకు తెలియదనుకుంటాను. బొట్టు లేనివాళ్ళకి రాస్తారు. ఇన్నాళ్ళూ ఈ ప్రపంచంలో నన్ను ఒట్టి "అక్కా" అని పిలిచే ఉత్తరం ఒక్కటే ఉండేది. క్షమాపణ చెప్పుకుంటూ అది కూడా తీసేశావు. చదివి మొదట ఏడ్చాను, తర్వాత నవ్వొచ్చింది. నీ మొద్దుతనం అంత గొప్పది.

కిటికీ నాకు వద్దు పుష్పా. ఇక్కడ ప్రతి పెళ్ళీ, ప్రతి పేరంటమూ నేను కిటికీలోంచే చూస్తున్నాను. వండి పెట్టి కిటికీ దగ్గర నిలబడతాను. ఊళ్ళో వాళ్ళ గాజుల గలగలలు వింటే నాకేమీ అనిపించదు. నీవి కిటికీ అవతలి నుంచి వినాలంటే నా వల్ల కాదు. నీ చేతులకి గాజులు తొడిగే ప్రతి ఆడదాని మీదా కుళ్ళుకుంటూ కూర్చోలేను. నిన్ను పెంచింది వాళ్ళు కాదు, నేను.

కోపంతో రాయడం లేదు. వారం రోజులు ఆలోచించి రాస్తున్నాను. నాకూ రావాలని ఉంది. నీ పురుడు తలుచుకుంటే నాకూ నిద్ర పట్టదు, అమ్మ పోయిన రోజు నేను అక్కడే ఉన్నాను. వస్తాను. గాజుల రోజు నువ్వు ఏ గదిలో ఉంటే నేనూ ఆ గదిలోనే ఉంటాను. నాకు గాజులొద్దు, పసుపొద్దు, తాంబూలమొద్దు. నీ పక్కన చాప మీద ఇంత చోటు చాలు.

కుదరదంటే రాయి, ఏమీ అనుకోను, పార్సిలు పంపుతాను. కుదిరితే ఏమీ రాయొద్దు. ఈ నెలాఖరు దాకా నీ ఉత్తరం రాకపోతే రైలెక్కుతాను.

అక్క

* * *

చూలై
21-8-1957

అక్కా,

ఇది వద్దని రాసే ఉత్తరం కాదు! నువ్వు కవరు చూసే గుండె రాయి చేసుకుంటావని కవరు మీద కూడా అదే మాట రాశాను. పోస్టుమాన్ ఏమైనా అనుకోనీ. కుదిరితే రాయొద్దన్నావు. అంతకాలం నోరు మూసుకుని ఉండడం నా వల్ల అవుతుందా, నువ్వే చెప్పు.

నీ ఉత్తరం అత్తగారికి చదివి వినిపించాను, మొద్దుతనం దగ్గర కూడా ఆపకుండా. ఆమె వక్క నోట్లో వేసుకున్నారు.

"ముందు గదిలోకి కుదరదమ్మా. నాకేమీ లేదు. వచ్చేవాళ్ళు లేచి పోతే ఎవురికి అవమానం? నీకు, మీ అక్కకి."

"సరి అత్తా. అట్లయితే నేనూ వెనక గదిలోనే కూచుంటా."

"గాజులు తొడిగేదెవురికి?"

"నాకే. తొడగాలనుకునేవాళ్ళు ఆడికి వస్తారు. రానివాళ్ళు ముందు గదిలో కూచోని పోతారు."

"నీకేమన్నా పిచ్చా?"

"మా అక్క లేకపోతే నేను కననని మొదుట్నే చెప్పినా."

నాకే నా గొంతు కొత్తగా వినిపించింది. మొహానికి ఏ మొహమూ పెట్టుకోలేదు, అయినా మాట బయటికి వచ్చింది. ఈయన గడప దగ్గర నిలబడి అంతా విన్నారట. ఆ రాత్రి కంచం ముందు కూర్చుని నాతోనే, తెలుగులోనే, "ఉప్పు వెయ్యి," అన్నారు. నా ఒళ్ళు పులకరించింది. నవ్వకు.

అత్తగారు రెండు రోజులు గిన్నెలు మోగించారు. నిన్న మామగారితో ఏదో గుసగుసలాడారు. ఈరోజు పొద్దున మా పనిమనిషి పాప్పాత్తిని పిలిచి, "వెనక గదిలో మూటలన్నీ తీసి, సున్నం కొట్టు. వచ్చే నెల ఆడ పేరంటం," అన్నారు. నా వంక చూడలేదు. నేను పోయి ఆమె కాళ్ళు పట్టుకున్నాను, చీపురు అడ్డమొస్తోందని విసుక్కున్నారు. ఇప్పుడు ఆ గదంతా సున్నం వాసన.

ఎంతమంది పేరంటాళ్ళు ఆ గదిలోకి వస్తారో నాకు తెలియదు. ఎవరూ రాకపోతే నువ్వే తొడుగు. ఎవరేమన్నా అనుకోనీ.

ఒక్క సంగతి మాత్రం ముందే చెప్పేస్తున్నాను, తర్వాత నన్ను అనొద్దు. బిడ్డని పట్టుకునేది నువ్వే. అంటే అది కళ్ళు తెరిచి ముందుగా చూసేది నీ మొహమే, నాది కాదు. అది తలుచుకుంటే ఇప్పటి నుంచే నాకు కుళ్ళుగా ఉంది. త్వరగా రా.

పుష్ప